కాలేయం నిండా గడ్డలుంటే అన్నీ సెకండరీసేనా?

హనుమకొండ, వరంగల్‌లలో కడుపు స్కానింగ్ ఇప్పుడు చాలా మామూలైపోయింది. గ్యాస్ అని పోయినా, నడుం నొప్పి అని పోయినా ముందు స్కానింగే రాస్తారు. అందులో లివర్ మీద ఏదో మచ్చ కనిపించి, రిపోర్టు చివర ‘హిమాంజియోమా’ అని ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నిజానికి లివర్‌లో కనిపించే హాని లేని గడ్డల్లో అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది ఇదే. రక్తనాళాలు ఒకచోట గుంపుగా పెరిగి ఏర్పడే ఈ గడ్డ క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. చాలామందికి మందే అక్కర్లేదు. కాంట్రాస్ట్ అనే రంగు మందు ఎక్కించి సీటీ తీస్తే గడ్డ అంచుల నుంచి మొదలై నెమ్మదిగా లోపలికి రంగు నిండుతుంది. ఆ తీరు స్పష్టంగా కనిపిస్తే సూది పెట్టి ముక్క తీయాల్సిన పని కూడా ఉండదు.

అయితే రక్తనాళాల లోపలి పొర నుంచే పుట్టే కణితులు ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దవాళ్లలో కనిపించే రెండింటి గురించి తెలుసుకోవాలి. ఒకటి ఎపిథీలియాయిడ్ హిమాంజియోఎండోథీలియోమా. పలకడానికి నాలుక తిరగదు కాబట్టి డాక్టర్లు ఈహెచ్ఈ అంటారు, మనమూ అలాగే అందాం. రెండోది యాంజియోసార్కోమా. రెండూ క్యాన్సర్లే, రెండూ అరుదే. కానీ ఒకదాంతో పదేళ్లు, ఇరవై ఏళ్లు బతుకుతున్నవాళ్లున్నారు. రెండోది చాలామందిలో నెలల లెక్కన ముదురుతుంది. మొదటిదాన్ని రెండోదిగానో, మామూలు క్యాన్సర్‌గానో పొరబడితే జరిగే నష్టం చాలా ఎక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా ఈహెచ్ఈ గురించే.

ఎంత అరుదు? పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందని స్థూలమైన లెక్క. 2011 జనాభా లెక్కల్లో పాత వరంగల్ జిల్లా మొత్తం జనాభా 35 లక్షల పైచిలుకు. అంటే ఆ జిల్లా అంతటా కలిపి ముగ్గురో నలుగురో ఉండొచ్చు. ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసిన పెద్ద డాక్టరు కూడా ఒక్క కేసు చూడకుండానే రిటైర్ కావచ్చు. అందుకే మొదటి డాక్టరుకు ఇది తట్టలేదని ఆయన్ను తప్పు పట్టడం నాకు న్యాయం అనిపించదు. వైద్యశాస్త్రమే దీన్ని చాలాకాలం సరిగ్గా గుర్తుపట్టలేదు. 1975లో డెయిల్, లీబో అనే ఇద్దరు అమెరికన్ పాథాలజిస్టులు ఊపిరితిత్తుల్లో దీన్ని చూసి, ఊపిరితిత్తుల క్యాన్సరే రక్తనాళాల్లోకి పాకిందనుకున్నారు. 1982లో వైస్, ఎన్జింగర్ కండరాలు, చర్మం కింది కణజాలంలో వచ్చిన కేసులను పరిశీలించి ఇప్పుడున్న పేరు పెట్టారు. ఆ తర్వాతే రెండూ ఒకటేనని తేలింది.

ఈ కణితి ఎక్కువగా లివర్, ఊపిరితిత్తులు, ఎముకలు, చర్మం కింది మెత్తటి కణజాలంలో వస్తుంది. ఏ వయసులోనైనా రావచ్చు గానీ ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్యవాళ్లలో, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ. దీని ప్రత్యేకత ఏమంటే, చాలామందిలో బయటపడేనాటికే ఒకటి కాదు, పది, పదిహేను గడ్డలుంటాయి. లివర్‌లోనూ ఊపిరితిత్తుల్లోనూ ఒకేసారి ఉండొచ్చు. అయినా మనిషి పైకి మామూలుగానే ఉంటారు. కుడివైపు డొక్కలో కొద్దిగా నొప్పి, నీరసం, కొందరికి బరువు తగ్గడం, అంతే. వేరే పని మీద స్కానింగ్‌కు వెళ్తే బయటపడ్డ కేసులూ చాలా ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే. జనగామ వైపు నుంచో, ములుగు నుంచో నలభై ఏళ్ల మహిళ ఒకరు వచ్చారనుకుందాం. స్కానింగ్‌లో లివర్ రెండు వైపులా గడ్డలు. చూసిన వెంటనే ఎవరికైనా తట్టేది ‘సెకండరీస్’, అంటే వేరే చోట పుట్టి లివర్‌కు పాకిన క్యాన్సర్. అలా తట్టడం తప్పు కాదు, ఎక్కువసార్లు నిజం కూడా అదే. తర్వాత అసలు క్యాన్సర్ ఎక్కడుందో వెతుకులాట మొదలవుతుంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, మామోగ్రామ్, రక్తంలో క్యాన్సర్ మార్కర్లయిన ఏఎఫ్‌పీ, సీఈఏ, సీఏ 19-9. అన్నీ నార్మల్. ఇంట్లోవాళ్లు ‘అన్నీ మంచిగనే ఉన్నయంటున్నరు, మరి క్యాన్సర్ ఎట్లయితది’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలో విషయం ఉంది. గడ్డలు అన్ని ఉన్నా మనిషి బలంగా ఉండటం, మార్కర్లు పెరగకపోవడం, ఎక్కడా అసలు కణితి దొరక్కపోవడం, ఈ మూడూ కలిసినప్పుడు ‘ఎక్కడో దాగి ఉంటుందిలే’ అని కీమో మొదలుపెట్టకుండా ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

ఊపిరితిత్తుల్లో వస్తే దారి ఇంకోలా ఉంటుంది. రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు. మన దగ్గర ఊపిరితిత్తుల్లో మచ్చ అంటే ముందు టీబీయే గుర్తుకొస్తుంది, రావాలి కూడా. తెమడ పరీక్ష, టీబీ సూక్ష్మజీవి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్ష చేస్తారు. సూక్ష్మజీవి దొరక్కపోయినా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టడం జరుగుతూనే ఉంటుంది. ఆరు నెలల కోర్సు అయిపోయాక మళ్లీ ఫిల్మ్ తీస్తే మచ్చలు ఎక్కడివక్కడే. టీబీ అయితే కొంతైనా తగ్గాలి, క్యాన్సర్ సెకండరీస్ అయితే ఈపాటికి పెరగాలి. తగ్గకుండా, పెరగకుండా అలాగే ఉండిపోయిన మచ్చలను ముక్క పరీక్షకు పంపకుండా రెండో కోర్సుకు వెళ్లడం సరికాదని నా అభిప్రాయం.

సీటీ, ఎంఆర్ఐలలో కొన్ని ఆనవాళ్లుంటాయి. ఈహెచ్ఈ గడ్డలు లివర్ మధ్యలో కన్నా అంచుల్లో, పైపొరను ఆనుకుని ఎక్కువగా ఉంటాయి. మామూలు గడ్డ పైపొరను ఉబ్బిస్తుంది, ఇది లోపల నార పేరుకుని పొరను లోపలికి లాగేస్తుంది. లివర్ సిరలు గడ్డ దగ్గరకు వచ్చి సన్నబడి, అంచున ఠక్కున ఆగిపోయినట్టు కనిపిస్తాయి. పుల్లకు గుచ్చిన చాక్లెట్‌లా ఉంటుందని రేడియాలజిస్టులు దాన్ని లాలీపాప్ సైన్ అంటారు. అనుభవమున్న రేడియాలజిస్టు వీటిని చూసి అనుమానం రాయగలరు. కానీ స్కానింగ్ ఎంత మంచిదైనా అనుమానం దగ్గరే ఆగుతుంది. తేల్చేది ముక్క పరీక్షే.

ముక్క పరీక్షలోనూ తిప్పలున్నాయి. ఈ కణితిలో కణాలు తక్కువ, వాటి చుట్టూ నార, జిగురు లాంటి పదార్థం ఎక్కువ. సూదితో తీసిన సన్నని ముక్కలో ఆ నార మాత్రమే వస్తే ‘ఏమీ తేలలేదు’ అని రిపోర్టు వస్తుంది. కణాలు దొరికినా అవి పైపొర కణాల్లా కనిపిస్తాయి, కొన్ని కేసుల్లో పైపొర కణాలకు గుర్తయిన కెరాటిన్ పరీక్షలో కూడా పాజిటివ్ వస్తాయి. అప్పుడు ‘అడినోకార్సినోమా’ (గ్రంథి కణాల నుంచి పుట్టే మామూలు క్యాన్సర్) అని రాసే ప్రమాదం ఉంది. జాగ్రత్తగా చూస్తే కొన్ని కణాల లోపల చిన్న ఖాళీ, ఆ ఖాళీలో ఒక ఎర్ర రక్తకణం కనిపిస్తుంది. కణం తనంతట తానే ఒక రక్తనాళం కావాలని చూస్తోందన్నమాట. ఆ అనుమానంతో ఐహెచ్‌సీ అనే రంగుల పరీక్షలో సీడీ31, సీడీ34, ఈఆర్‌జీ చూస్తే రక్తనాళాల నుంచి పుట్టిందని తెలుస్తుంది. ఆపైన కాంటా1 అనే మార్కర్ కణ కేంద్రకంలో పాజిటివ్ వస్తే ఈహెచ్ఈ దాదాపు ఖాయమైనట్టే. ఈ చివరి పరీక్ష అన్ని ల్యాబుల్లో ఉండదు, పెద్ద క్యాన్సర్ సెంటర్లకు పంపాల్సి వస్తుంది.

కాంటా1 ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే జన్యువు దాకా వెళ్లాలి. 2011లో రెండు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి కనిపెట్టిన సంగతి ఇది. ఈహెచ్ఈ కణాల్లో ఒకటో క్రోమోజోము, మూడో క్రోమోజోము విరిగి ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటాయి. దాంతో టాజ్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు, మామూలుగా మెదడులో ఎక్కువగా పనిచేసే కాంటా1 జన్యువు కలిసిపోతాయి. టాజ్ పని కణాలు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చూడటం. దీన్ని మన చెరువు తూముతో పోల్చవచ్చు. పాకాల, లక్నవరం చెరువుల్లో ఆయకట్టుకు నీళ్లు కావలసినప్పుడు తూము ఎత్తుతారు, చాలనుకున్నప్పుడు దించుతారు. కణాలు కిక్కిరిసినప్పుడు శరీరం టాజ్‌ను కేంద్రకం బయటే ఆపేస్తుంది, అప్పుడు తూము మూసినట్టు. కాంటా1 ముక్క అతుక్కున్నాక టాజ్ కేంద్రకంలోనే ఉండిపోతుంది. తూము ఎత్తిన చోటే ఇరుక్కుపోయింది, పెరగమనే ఆదేశం ఆగదు. దాదాపు పదిలో తొమ్మిది కేసుల్లో ఇదే మార్పు. మిగతా కొద్దిమందిలో యాప్1, టీఎఫ్ఈ3 అనే వేరే రెండు జన్యువులు కలుస్తాయి. అలాంటివారిలో కాంటా1 నెగెటివ్ వస్తుంది కాబట్టి, అది నెగెటివ్ రాగానే ఈహెచ్ఈ కాదని కొట్టేయకూడదు.

ఈ జన్యుమార్పు అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. ఎవరో ఒకరి ఒంట్లో ఒక కణంలో, కారణం తెలియకుండా జరిగిపోతుంది. పెళ్లి కావలసిన బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తుంది. ఇంకో సంగతి: ఒకే మనిషిలోని వేర్వేరు గడ్డలను పరీక్షిస్తే క్రోమోజోము సరిగ్గా ఒకే చోట విరిగినట్టు తేలింది. అంటే పదిహేను గడ్డలున్నా అవి పదిహేను క్యాన్సర్లు కావు, ఒకే కణితి పాకినవే.

ఇక ముక్క సంగతి. తీసిన ముక్కను ల్యాబులో మైనంలో పొదిగి ఒక చిన్న దిమ్మె చేస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. దాని నుంచి సన్నటి పొరలు కోసి స్లైడ్లు చేస్తారు. వరంగల్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో, నిజామాబాద్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ముంబై టాటా మెమోరియల్‌కో వెళ్లేవాళ్లు చాలాసార్లు రిపోర్టు కాగితం మాత్రం పట్టుకుపోతారు. అక్కడి పాథాలజిస్టుకు కాగితంతో పనిలేదు, బ్లాక్ కావాలి. లేకపోతే మళ్లీ సూది, మళ్లీ ఖర్చు, మళ్లీ పది రోజులు. బయాప్సీ చేసిన ల్యాబుకు పెద్ద ఆసుపత్రి డాక్టరు రాసిన చీటీ చూపించి సంతకం పెడితే బ్లాక్, స్లైడ్లు ఇస్తారు. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అంతకన్నా ముందే చూసుకోవాల్సింది ఇంకోటుంది. ముక్క తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. సెలైన్‌లో వేసి, చేతికిచ్చి, ‘ఫలానా ల్యాబులో ఇచ్చి రండి’ అంటే ముక్క పాడవుతుంది, ఆ తర్వాత ఎంత గొప్ప ల్యాబుకు పంపినా లాభం లేదు.

అన్ని ఊళ్ల నుంచి ముంబై పోలేం. టాటా మెమోరియల్ నిపుణులు రిపోర్టులు, స్కాన్లు ఆన్‌లైన్‌లో చూసి అభిప్రాయం చెప్పే నవ్య అనే సర్వీసు ఉంది. మొదటిసారికి అది సరిపోవచ్చు, బ్లాకును మాత్రం కొరియర్‌లోనో మనిషి చేతనో పంపాలి.

రోగం పేరు తేలాక మొదటి ప్రశ్న ‘ఏ మందు’ అని కాదు, ‘ఎంత వేగంగా పెరుగుతోంది’ అని. ఇది మన ఇళ్లలో ఒప్పించడం చాలా కష్టం. క్యాన్సర్ అని చెప్పి, ఇప్పుడే మందు వద్దు, మూడు నెలల తర్వాత రండి అంటే డాక్టరు చేతులెత్తేశాడనుకుంటారు. కానీ ఈహెచ్ఈలో చాలామందికి సరైన మొదటి అడుగు అదే. గడ్డలు ఎక్కువ ఉండి, బాధలేమీ లేకపోతే ముందు కొన్నాళ్లు స్కాన్లతో గమనించాలని 2021లో ప్రపంచవ్యాప్త నిపుణులు కలిసి రాసిన మార్గదర్శక పత్రం కూడా చెబుతోంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన గడ్డలున్నాయి. ఏ మందూ లేకుండా వాటంతటవే తగ్గిన సందర్భాలు కూడా, అరుదుగానైనా, నమోదయ్యాయి. ఇంట్లోవాళ్లు ఖాళీగా కూర్చోలేక పసరు మందు వైపు చూడటం ఈ సమయంలోనే జరుగుతుంది. కామెర్లకు పసరు పోసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది కదా. లివర్‌లో ఇప్పటికే గడ్డలున్న మనిషికి ఏముందో తెలియని ఆకు రసం తాగించడం ప్రమాదం.

గడ్డ ఒక్కటే ఉంటే, తీయడానికి వీలైన చోట ఉంటే ఆపరేషన్ చేసి తీసేస్తారు. అది అన్నింటికన్నా మంచి పరిస్థితి. లివర్ నిండా ఉంటే లివర్ మార్పిడి ఒక దారి. మామూలుగా క్యాన్సర్ లివర్ దాటి పాకితే మార్పిడి మాటే ఎత్తరు. ఈహెచ్ఈలో మాత్రం ఊపిరితిత్తుల్లో కొన్ని మచ్చలున్నా మార్పిడికి ఒప్పుకుంటారు. దానికి ఆధారం 2007లో వెలువడిన యూరప్ మార్పిడి రిజిస్ట్రీ లెక్కలు. అందులో 59 మంది ఈహెచ్ఈ రోగులకు లివర్ మారిస్తే ఐదేళ్లకు నూటికి 83 మంది, పదేళ్లకు 72 మంది బతికి ఉన్నారు. మన రాష్ట్రంలో మరణించినవారి అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇంట్లోవాళ్లు లివర్‌లో భాగం ఇవ్వడం ఇంకో దారి. ఖర్చు పెద్దదే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. మార్పిడికి అందులో ఎంత వస్తుంది, ఏ ఆసుపత్రిలో వస్తుందన్నది అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

యాంజియోసార్కోమాతో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. లివర్‌లో యాంజియోసార్కోమా అయితే మార్పిడి చేయకూడదు, చేసినా నెలల్లోనే తిరగబెడుతుంది. రెండూ ఒకే పొర నుంచి పుట్టినవే, స్కానింగ్‌లో రెండూ గడ్డలే. ఒకదానిలో మార్పిడి ప్రాణం నిలబెడుతుంది, రెండోదానిలో ఒక దాత ఇచ్చిన లివర్ వృథా అవుతుంది. ముక్క పరీక్ష మీద నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే. యాంజియోసార్కోమాకు కొన్ని కారణాలు తెలుసు. 1974లో అమెరికాలోని లూయివిల్‌లో పీవీసీ తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల్లో లివర్ యాంజియోసార్కోమా కేసులు బయటపడ్డాయి, వినైల్ క్లోరైడ్ వాయువు దానికి కారణమని తేలింది. (ఇంట్లో పీవీసీ పైపులున్నాయని భయపడక్కర్లేదు, ప్రమాదం ఆ వాయువును పీల్చిన కార్మికులకు.) రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న ఏళ్ల తర్వాత అదే చోట చర్మం మీద రావచ్చు. ఏళ్ల తరబడి వాచి ఉన్న చేయిలో, కాలులో కూడా రావచ్చు, బోదకాలులో వచ్చిన కేసులూ చాలా అరుదుగా ఉన్నాయి. కరీంనగర్ వైపు బోదకాలు ఉన్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కాలి మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ లేచి పెరుగుతుంటే ‘దెబ్బ తగిలిందేమో’ అని వదిలేయకుండా చూపించాలి. వృద్ధుల తల మీద మానని కమిలిన మచ్చ కూడా అంతే. యాంజియోసార్కోమాకు వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ కొంత పనిచేస్తుంది, ఈహెచ్ఈకి దాని ఫలితం అంతంతే.

ఈహెచ్ఈ పెరుగుతున్నప్పుడు, ఆపరేషన్‌కు వీల్లేనప్పుడు ఇచ్చే మందుల్లో ఇప్పుడు ఎక్కువ నమ్మకం సిరోలిమస్ మీద. దీని పుట్టుక చిత్రమైనది. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపం నుంచి 1964లో తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. 1999 నుంచి కిడ్నీ మార్చినవాళ్లకు శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఇస్తున్నారు. ఈహెచ్ఈలో ఇది గడ్డలను మాయం చేయదు, చాలామందిలో పెరుగుదలను నిలిపి ఉంచుతుంది, నొప్పి తగ్గిస్తుంది. రక్తంలో మందు స్థాయి కొలుస్తూ మోతాదు సరిచేయాలి, కొలెస్ట్రాల్ చూసుకోవాలి. నోటిలో పుండ్లు వస్తాయి, అప్పుడు పచ్చిమిర్చి తొక్కుకు దూరంగా ఉండక తప్పదు. రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి మొదలుపెట్టేముందు పాత టీబీ ఏమైనా దాగి ఉందేమో చూసుకోవడం మన దగ్గర మరీ ముఖ్యం. గర్భిణులు వాడకూడదు. ట్రామెటినిబ్ అనే ఇంకో మందు మీద అమెరికాలో ట్రయల్ జరిగింది. కొందరికి నొప్పి తగ్గింది, గడ్డలు బాగా కుదించుకుపోయినవాళ్లు కొద్దిమందే. ఎముకలో గడ్డ నొప్పి పెడుతుంటే రేడియేషన్ ఉపయోగపడుతుంది.

గమనిస్తూ ఉండటం అంటే వదిలేయడం కాదు. జ్వరం తగ్గకుండా రావడం, ఒక్కసారిగా బరువు పడిపోవడం, నొప్పి పెరగడం, ముఖ్యంగా ఛాతీలో నీరు చేరి ఆయాసం రావడం, వీటిలో ఏది కనిపించినా రోగం తీరు మారిందని అర్థం. తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి. ఛాతీలో నీరు చేరిన ఈహెచ్ఈ దూకుడుగా ఉంటుందని, సిరోలిమస్‌కు కూడా అంతగా లొంగదని వైద్యుల అనుభవం.

స్కాన్ ప్రతిసారీ ఒకే రకంగా తీయించాలి. ఒకసారి అల్ట్రాసౌండ్, ఇంకోసారి సీటీ, మరోసారి ఎంఆర్ఐ అయితే గడ్డ రెండు మిల్లీమీటర్లు పెరిగిందా, కొలత తేడానా అన్నది ఎవరూ చెప్పలేరు. ఫిల్ములు కాదు, సీడీలు దాచుకోండి, వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించుకోండి. రేడియాలజిస్టు కొత్త స్కాన్‌ను పోయినసారి దానితోనే కాదు, అన్నింటికన్నా మొట్టమొదటి దానితో కూడా పోల్చాలి. నెమ్మదిగా పెరిగే కణితి పక్కపక్క స్కాన్లలో ఎప్పుడూ కదలనట్టే కనిపిస్తుంది. రెండేళ్ల కిందటి సీడీ పక్కన పెడితేనే ఎంత కదిలిందో తెలుస్తుంది.